పాలు పిలిచే వంటిల్లు

జ్ఞానమణి పొద్దున్నే లేచి మొదట కొబ్బరికాయ కొట్టేది. దేవుడికి కాదు, పాయసానికి. నీళ్ళు గ్లాసులోకి వంపుకుని, చెక్కలు కోరి, గోరువెచ్చని నీళ్ళతో మెత్తగా రుబ్బి, పల్చని గుడ్డలో వేసి పిండితే చిక్కటి పాలు దిగేవి. ఆ పాలకి నోరు లేదు. అందుకే ఆ ఇంట్లో అవే వాడుక.

నర్సీపట్నంలో కూరగాయల మార్కెట్ వెనక వీధిలో దేవుడమ్మ పెంకుటిల్లుంది. దానికి ఆనుకుని జ్ఞానమణి అద్దెకుండే రెండు గదుల వాటా సంగతి వీధి వీధంతటికీ తెలుసు. ఆ వాటా వంటింట్లోకి ఆవు పాలు తెస్తే అవి దూడ కోసం పిలుస్తాయి. గేదె పాలైతే గొంతు కాస్త బరువు. ప్యాకెట్ పాలు మరీ ఘోరం, ఎన్ని కొట్టాలవి కలిసి ఉంటాయో, పశువుల సంత దిగినట్టుంటుంది. పెరుగు నిద్రలో మూలుగుతుంది. నెయ్యి కాగేకొద్దీ మరిచిపోతుంది గానీ పూర్తిగా మరిచిపోదు. పెనం అంచుకి గుడ్డు కొడితే ఎవరి పెరట్లోదో ఒక కోడి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి చూస్తుంది. గడప ఇవతల, ముందు గదిలో, ఏ గొడవా లేదు. గడప దాటి వంటింట్లో అడుగు పెడితేనే.

దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. కొన్ని ఇళ్ళకి గోడ చెమ్మ, కొన్ని ఇళ్ళకి ఎలకల బాధ, ఆ ఇంటికి అది. కాకపోతే పిల్లాపాపలున్న సంసారులెవరూ అక్కడ అద్దెకు నిలిచేవారు కాదు. కాఫీ టీలకి అల్లాడిపోయి వెళ్ళిపోయేవారు.

జ్ఞానమణి సంసారి కాదు. చింతపల్లి కొండల మీద ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి, రిటైరయి కిందకి దిగింది. పెళ్ళి చేసుకోలేదు. పాయకరావుపేటలో ఒక తమ్ముడు ఉన్నాడు, క్రిస్మస్‌కి ఫోను చేస్తాడు. కొత్తింట్లో చేరిన రోజు పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా ఆనవాయితీ ప్రకారం పాలు పొంగించింది. గిన్నె అంచుదాకా వచ్చిన పాలు పొంగకుండా 'అంబా' అన్నాయి. వీధి చివర కొట్టంలోంచి దూడ పలికింది. పాస్టరు గారు కళ్ళు తెరవకుండానే ప్రార్థన కాస్త పొడిగించారు. జ్ఞానమణి స్టవ్ ఆపి, గిన్నెని చీర కొంగుతో పట్టుకుని, వీధిలో అందరూ చూస్తుండగా కొట్టందాకా నడిచివెళ్ళి, పాలు చల్లార్చి దూడ ముందు పెట్టింది. ఆ తర్వాత ఆ ఇంట్లోకి పాలు రాలేదు. మాంసం మాత్రం ఏమీ అనేది కాదు. ఒక్కసారి వండి చూసింది. గిన్నె మూత తీసినప్పుడు వంటింట్లో నిలబడ్డ ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మరి వండలేదు.

వంట మీద ఆమెకి విసుగు పుట్టలేదు. కొండ మీదనుంచి వచ్చే రాజ్మా రాత్రి నానబెట్టి, పొద్దున అల్లం, వెల్లుల్లి, ధనియాలు నూరి వండితే పులుసు చిక్కగా గిన్నెకి పట్టుకునేది. పనసపొట్టుకి ఆవ పెట్టేది. గుమ్మడికాయ ముక్కలు, ములక్కాడలు, చిలగడదుంపలు వేసి బెల్లం చూపించి దప్పళం కాచేది. చోడిపిండిని, అదే రాగిపిండిని, నువ్వుల నూనెలో కమ్మగా వేయించి, కొబ్బరిపాలు, తాటిబెల్లం పోసి తిప్పితిప్పి హల్వా చేసేది. నేతి వాసన లేని లోటు ఆ హల్వాకి ఏనాడూ లేదు. లోటల్లా తినేవాళ్ళకే.

హాస్టలు నిండా పిల్లలకి వండించిన మనిషి. కొంచెంగా వండడం చేతికి రాదు. చేసినదంతా మూడు పూటలా తనే తినాలి. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ఒకసారి ప్రార్థనకూటం ఆమె ఇంట్లో పెట్టారు. ఎస్తర్ రాణి అనే ఆవిడ, పాపం మంచికే, టీ పెడదామని పాల ప్యాకెట్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. కీర్తన సగంలో ఆగిపోయింది. అప్పటినుంచి కూటం ఇంటింటికీ తిరిగినా ఆ ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఎవరికో జ్వరమో, ఊరి ప్రయాణమో అడ్డొచ్చేది. జ్ఞానమణి ఎవరినీ ఏమీ అనలేదు. ముందు గదిలో వీధి తలుపుకి ఎదురుగా పీట వేసుకుని తినేది, దారిన పోయేవాళ్ళు ఎవరైనా కనబడతారని. కనబడేవారు. పలకరించి పోయేవారు. ఎవరూ కూర్చునేవారు కాదు.

ముసురు పట్టిన ఒక సాయంత్రం దేవుడమ్మ ఒక అమ్మాయిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. దేవుడమ్మ బస్సు కాంప్లెక్స్ బయట ఆకుకూరలు అమ్ముతుంది.

"వార్డెనమ్మా, ఈ పిల్ల నిన్నట్నుంచి కాంప్లెక్స్ కాడ బెంచీ మీద అలాగే కూకునుంది. ఏ ఊరే అంటే సెప్పదు. రాత్రి నా కాడ పడుకోబెట్టేను గానీ మెతుకు ముట్టట్లేదు. నీది ఆడపిల్లల్ని సాకిన సెయ్యి కదా, ఏటైనా పెట్టి సూడు."

ఇరవై దాటి ఉంటాయి. మెడలో పుస్తెలున్నాయి, చెవులకి ఏమీ లేవు. పేరు అడిగితే "బేబి" అంది. అంతే.

జ్ఞానమణి ఇంకేమీ అడగలేదు. హాస్టల్లో అలా మాట పడిపోయి వచ్చిన పిల్లల్ని ఆమె చాలామందిని చూసింది. మొదట ఉప్పు వేసిన వేడి గంజి ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయింది. మర్నాడు పెసరపప్పు, ములగాకు కలిపి వండి, వేడన్నంలో నువ్వుల నూనె పోసి కలిపిపెట్టింది. బేబి తల వంచుకుని నాలుగు ముద్దలు తింది, ఆగింది, మళ్ళీ తింది. కంచం కడగడానికి తనే లేచింది. తర్వాత వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుని వెల్లుల్లి ఒలిచింది. వంటిల్లు నిశ్శబ్దంగానే ఉంది.

రోజులు గడిచేకొద్దీ ఆ అమ్మాయి పడక కూడా దేవుడమ్మ ఇంటినుంచి ఇటు మారిపోయింది. జ్ఞానమణికి పొద్దున్నే లేవడానికి ఒక కారణం దొరికింది. వెల్లుల్లి కారం, మెంతికూర పప్పు, నువ్వుల ఉండలు, జీడిపప్పు రుబ్బి పోసిన వంకాయ కూర, బెల్లం పాకం పట్టిన గవ్వలు. "ఇది తిను, ఒంటికి పడుతుంది" అంటూ వడ్డించేది. ఒంటికి పట్టింది. బుగ్గల్లోకి నెత్తురొచ్చింది. మాట కూడా కొంచెం కొంచెంగా వచ్చింది.

"ఇందులో పాలు నేవు, నెయ్యి నేదు, మరింత కమ్మగా ఎలాగొచ్చింది అమ్మగోరూ?" అని హల్వా తింటూ అడిగింది ఒకనాడు.

"ఓపిగ్గా తిప్పితే వస్తుంది. నీకు నేర్పుతాలే."

"నేర్సుకుంటాను. ఇక్కడే ఉండిపోతాను."

ఆ మాట జ్ఞానమణి చెవిలో రోజంతా తిరుగుతూ ఉండిపోయింది. ఆ రోజు ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం, జ్ఞానమణి కంచాలు ఎత్తుతూ, బేబి జాకెట్టు మీద తడి చూసింది. రెండు వైపులా గుండ్రంగా, అరచేతంత. బేబి గబుక్కున పైట సర్దుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

జ్ఞానమణి కంచాలు పట్టుకుని అలాగే నిలబడింది. పిల్లల్ని కనకపోయినా ఆడదానికి తెలియనిదేముంది? వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఎండిపోయి వచ్చింది. పప్పూ, ములగాకూ, నువ్వులూ, వెల్లుల్లీ పెట్టి తనే మళ్ళీ పాలు రప్పించింది. ఎక్కడో ఒక బిడ్డ ఉంది. ఈ పిల్ల ఇప్పుడు గడప దాటి వంటింట్లోకి వస్తే ఆ పాలు ఊరుకోవు.

ఆ సాయంత్రం బేబి చాట పట్టుకుని వంటింట్లోకి రాబోతుంటే, "వద్దమ్మా, లోపలంతా పొగ. అక్కడే కూర్చుని ఏరు" అంది.

మొదటిసారి ఆ మాట దానంతటదే నోట్లోంచి వచ్చింది. రెండోసారి నుంచి ఆలోచించే అంది. పొగ అంది, నేల తడిగా ఉందంది, నువ్వు కూర్చో నేను తెస్తానుగా అంది. వండినవన్నీ గిన్నెలతో సహా ముందు గదిలోకి మోసుకొచ్చి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవారు. రాత్రి ప్రార్థనకి మోకరించి రెండు మాటల్లో ముగించి లేచేది. ప్రభువు అడగబోయేది ఏమిటో ఆమెకి తెలుసు.

బేబి మాత్రం రోజూ రెండు మూడుసార్లు పెరట్లోకి వెళ్ళి, గోడ పక్కన నిలబడి పాలు పిండేసి వచ్చేది. అక్కడ చీమలు బారు కట్టాయి. ఒకనాడు అక్కడినుంచి వచ్చి చాప మీద ముడుచుకుని పడుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. జ్ఞానమణి గుడ్డ తడిపి నుదుటి మీద వేసింది.

"అమ్మగోరూ, ఇది ఎండిపోడానికి ఏటైనా ఉందా? మీకు అన్ని కూరలూ తెలుసు కదా. ఏదైనా వండి పెట్టీయండి. నొప్పితో సచ్చిపోతన్నాను."

"పాపా, బాబా?" అని అడిగింది జ్ఞానమణి.

"పాప" అంది బేబి.

"ఎక్కడుంది?"

"మా అత్త కాడ. కోటవురట్ల అవతల." గోడ వైపు తిరిగి చెప్పింది. "అందరూ ముద్దులాడేవోలు. నేను సూస్తే ఎవులి పిల్లనో సూసినట్టుండేది. ఏడుస్తుంటే సూస్తా కూకునేదాన్ని. నాకేటీ అనిపించనేదమ్మా. తల్లికి అనిపించాలి కదా? ఒకరోజు నీళ్ళు పోస్తుంటే నా సేతిలోంచి జారిపోబోయింది. ఇది నా సేతిలోనే సచ్చిపోతాదని భయమేసింది. పొద్దున్నే బస్సెక్కీసేను. నేను నేకపోతే అది బతుకుతాది."

జ్ఞానమణి గుడ్డ మళ్ళీ తడిపి వేసింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. పాలు ఎండడానికి ఏం చేయాలో ఆమెకి తెలుసు. పెరట్లో మల్లెపొద ఉంది, ఆ ఆకు నూరి కడతారు. పప్పూ నువ్వులూ మానేసి చప్పిడి పెడితే చాలు, కొన్నాళ్ళకి అదే ఎండిపోతుంది. ఈ పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. కూరలు నేర్చుకుంటుంది. తన చివరి రోజుల్లో గంజి కాచి పోస్తుంది. ఇందులో తప్పేముంది? ఆ పిల్ల అడిగిందే కదా.

మల్లె ఆకులు కోసింది కూడా. రోట్లో వేసి పొత్రం పట్టుకుని, ఎంతసేపటికీ తిప్పలేకపోయింది.

మర్నాడు జ్వరం కాస్త తగ్గింది. జ్ఞానమణి పెద్ద గిన్నె ఎక్కించి, కొబ్బరిపాలలో బియ్యం, బెల్లం, పచ్చి జీడిపప్పు వేసి పాయసం పెట్టింది. వేరే పొయ్యి మీద రాజ్మా ఉడుకుతోంది. తర్వాత వచ్చి వంటింటి తలుపు బార్లా తెరిచి, గడప లోపల నిలబడి పిలిచింది.

"బేబీ, ఈ గది సంగతి నీకు తెలుసు కదూ?"

"దేవుడమ్మ సెప్పింది."

"నిన్ను ఎందుకు రావద్దన్నానో తెలుసా?"

బేబి తల దించుకుంది. "తెలుసు. నాకూ రావాలని నేదు. లోపలికొస్తే ఏటీ వినబడకపోతే?"

జ్ఞానమణి ఇది అనుకోలేదు. ఆ అమ్మాయి భయం తన భయంలాంటిది కాదు. పాలు పిలుస్తాయని కాదు, పిలవవేమోనని.

"ఆకు కోసి ఉంచాను. వద్దనుకుంటే నూరి కడతాను, నాలుగు రోజుల్లో పోతుంది. నేనేమీ అనుకోను," అంది. "రావాలనుకుంటే రా. పాయసం తిప్పాలి, నా రెక్క నొప్పెడుతోంది."

బేబి గడప దగ్గర నిలబడింది. పాయసం చిక్కబడసాగింది. జ్ఞానమణి గరిటె ముట్టుకోలేదు. అడుగు పట్టేలా ఉంది, బెల్లం వాసన కాస్త మారింది. అప్పుడు బేబి కుడికాలు లోపల పెట్టి, రెండో కాలు కూడా పెట్టి, గరిటె అందుకుంది.

"రా అమ్మా," అని వినబడింది.

బేబి నోరు తెరవలేదు. కానీ గొంతు బేబిదే. కాంప్లెక్స్ బెంచీ మీద నుంచి వచ్చిన ఆ ఎండిపోయిన గొంతు కాదు. తడిగా, మెత్తగా, నిద్రపోయే పిల్లని లేపకుండా పిలిచే గొంతు. "రా అమ్మా... నా తల్లి కదూ, రా... ఆకలేసిందా, రా..." జాకెట్టు తడిసి, పైట తడిసి, గిన్నె పక్కన బొట్లు పడుతున్నాయి.

"ఇది నా గొంతేనా అమ్మగోరూ?"

"మరెవరిదమ్మా?"

"నాకు ఇలాగ పిలవడం రాదు."

"వచ్చు. వింటున్నావుగా."

బేబి అప్పుడు ఏడ్చింది. పాయసం తిప్పడం మాత్రం ఆపలేదు. వీధిలో దేవుడమ్మ ఎవరితోనో, "పిల్లతల్లి వొంటింట్లోకెల్లినట్టుంది" అనడం వినిపించింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

పాయసం దించారు. అన్నం వార్చారు. అన్నం చల్లారిపోయి మధ్యాహ్నం దాటాక వీధిలో ఆటో ఆగింది. నడుపుతున్నవాడు బేబి మొగుడు ధర్మతేజ. వెనక సీట్లో పొడుగ్గా, ఎండిన చెరకుగడలా ఒక పెద్దావిడ, ఆమె ఒళ్ళో గుడ్డల మధ్య ఒక పాప. ఆవిడ బేబి అత్త అప్పయమ్మ.

ధర్మతేజ దిగి గుమ్మంలో నిలబడ్డాడు. కోపంగా ఉండాలని వచ్చినట్టున్నాడు గానీ మొహానికి కోపం రావడం లేదు.

"పొద్దున్నుంచి పాలసీసా ముట్టలేదండీ," అన్నాడు జ్ఞానమణితో. "తల ఒక పక్కకే తిప్పీసి ఏడుపు. ఇటు తిప్పి పడుకోబెడితే మళ్ళీ అటే తిప్పుతాది. మా యమ్మ సూసి, పాలు పిలుస్తన్నాయిరా, బండి తియ్యి, అంది. ఎటు తల తిప్పితే అటు పోనిచ్చేను. ఈ ఊళ్ళోకొచ్చేక అబీద్ సెంటర్లో మాత్రం కాసేపు ఆలోసించిందండి. తర్వాత ఇటు తిప్పింది."

అప్పయమ్మ ఎవరినీ పలకరించలేదు. గడప దాటి నేరుగా వంటింట్లోకి వెళ్ళి పాపని బేబి ఒళ్ళో పెట్టింది. పిలుపు ఆగిపోయింది. ఆ గదిలో చిన్న గుటకల చప్పుడు తప్ప ఏమీ లేదు.

బేబి తల ఎత్తకుండా, "అత్తా, దీన్ని నేను వొదిలీసి వొచ్చీసేను," అంది.

"సూసేన్లే." అప్పయమ్మ గోడకి చేరబడి కూలబడింది. "నీ మొగుడు పుట్టినప్పుడు నాకూ ఇలాగే. నుయ్యి సుట్టూ తిరిగీదాన్ని. ఎవులికీ సెప్పలేదు. నీతోనైనా సెప్పుంటే బాగుండేది." కాసేపు ఊపిరి తీసుకుని, గిన్నెల వైపు చూసింది. "ఏటి వండేరు? వాసన అదిరిపోతంది."

ఆ ఇంట్లో మొదటిసారి నాలుగు కంచాలు పరిచారు. కంచాలు చాలక జ్ఞానమణి ఒక పళ్ళెం దేవుడమ్మ ఇంటినుంచి తెచ్చింది. రాజ్మా, పనసపొట్టు, దప్పళం, పాయసం. అప్పయమ్మ మాట్లాడకుండా మారు వడ్డించుకుంది. చివర్లో ధర్మతేజ అలవాటుగా, "పెరుగు..." అనబోయాడు.

"నోర్మూసుకుని పాయసం తిను," అంది తల్లి.

జ్ఞానమణి వడ్డిస్తూనే ఉంది. ఎంత వడ్డించినా ఇంకా మిగలాలని, వాళ్ళు ఇంకాసేపు కూర్చోవాలని. గిన్నెలు ఖాళీ అయ్యాయి. పొద్దు వాలకముందే బయల్దేరాలని అప్పయమ్మ లేచింది.

బేబి జ్ఞానమణి చేతులు పట్టుకుంది, వదిలేసింది. "హల్వా నేర్సుకోనేదు," అంది.

"ఓపిగ్గా తిప్పాలి. అంతే. వేరే ఏమీ లేదు." గవ్వల డబ్బా, నువ్వుల ఉండలు మూటకట్టి చేతిలో పెట్టింది. "రోజూ తిను. నీకు ఎప్పుడైనా మళ్ళీ అలా అనిపిస్తే ఎవరికో ఒకరికి చెప్పు. మీ అత్తకే చెప్పు."

"సెప్తాది," అంది అప్పయమ్మ.

అందరూ ఎక్కారు. ధర్మతేజ ఆటో స్టార్ట్ చేశాడు. జ్ఞానమణి గుమ్మంలో నిలబడింది, వెనక ఖాళీ గిన్నెల ఇల్లు. కడుపునిండా తాగిన పాప బేబి భుజం మీద పడుకుని ఉంది. బండి కదలగానే ఆ చిన్న తల నెమ్మదిగా జ్ఞానమణి వైపు తిరిగి, అక్కడే ఆగింది. ధర్మతేజ అద్దంలో చూసి బ్రేకు వేశాడు.

"ఇదేటమ్మా, తల్లి ఇక్కడే ఉంది కదా. మరింకా అటు సూస్తాదేటి?"

అప్పయమ్మ వెనక్కి తిరిగి గుమ్మంలోని మనిషిని ఒకసారి నిదానంగా చూసింది.

"సూడనీరా. ఆ పాలు ఆవిడ పొయ్యి మీద తయారైనవే కదా. ఆదివారం ఆదివారం ఇటే తిప్పుతాది. బండిలో ఆయిలు ఉంచుకో," అంది. "బేగి పోనీ ఇప్పుడు, సీకటి పడతాది."

ఆటో కదిలింది. మలుపు తిరిగి మార్కెట్ రోడ్డెక్కేదాకా ఆ తల ఇటే ఉంది.